ప్రేమ విందులో పంక్తి భేదం

తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘ప్రేమ విందు’ అని ఒక మంచి మాట ఉంది. క్రిస్మస్ నాడో, సంఘ వార్షికోత్సవం నాడో, సువార్త సభల చివరి రోజునో ఆరాధన ముగిశాక అందరూ కలిసి చేసే భోజనానికి ఆ పేరు. అందులో చదివింపుల లెక్క ఉండదు, పిలుపుల పట్టింపు ఉండదు. వచ్చినవాళ్లందరూ ఆ సంఘపు చుట్టాలే. ఆ పేరు వెనుక దాదాపు 2000 ఏళ్ల చరిత్ర ఉంది. రోమా సామ్రాజ్యపు పట్టణాల్లో యజమానీ బానిసా, యూదుడూ యూదేతరుడూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినడమే తొలి సంఘాల ప్రత్యేకత. చూసినవాళ్లకు అది వింతగా తోచింది. కొందరికి దుస్సహంగా కూడా తోచింది.

అయితే ఆ బల్ల దగ్గర ప్రేమ సునాయాసంగా కుదిరిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందుగా వచ్చి కడుపునిండా తినేవారు. పొద్దంతా పనిచేసి ఆలస్యంగా వచ్చిన పేదలు ఆకలితో కూర్చునేవారు. పౌలు రాసిన ఘాటైన మందలింపుల్లో ఒకటి దాని గురించే. అంతియొకయలో పేతురు మొదట యూదేతరులతో కలిసి తిన్నాడు. యెరూషలేము నుంచి తనవాళ్లు వచ్చేసరికి మెల్లగా ఆ పంక్తి నుంచి లేచిపోయాడు. పౌలు అందరి ఎదుటా ఆయనను నిలదీశాడు. ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి స్థానం చూపించి, మాసిన బట్టలవాడిని కింద కూర్చోమనే సంఘాన్ని యాకోబు తన లేఖలో ఎండగట్టాడు. తొలి తరం సంఘానికి వచ్చిన పెద్ద తగాదాల్లో ఒకటి విస్తరి దగ్గరే వచ్చింది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరితో ఎవరు తినాలి అన్నది ఆ తగాదా.

ఈ సంగతులన్నీ ప్రతి తెలుగు సంఘంలోనూ ఏడాదికి ఒకసారైనా ప్రసంగాంశాలవుతాయి. ప్రేమకు ‘నిష్కపటం’ అన్న విశేషణం పౌలు ఎందుకు చేర్చాడో కూడా బోధకులు చెబుతారు. కపటి అన్న అర్థంలో వాడిన గ్రీకు మాటకు మూలార్థం రంగస్థలం మీది నటుడు. కాబట్టి నిష్కపటమైన ప్రేమ అంటే వేషం కట్టని ప్రేమ. ఈ వివరణ విని తలలూపే మనం, మన సంఘాల్లో కులం ఎన్ని వేషాలు కడుతోందో మాత్రం మాట్లాడుకోము. ఆ మౌనం గురించే ఈ వ్యాసం.

తెలుగునాట క్రైస్తవ సంఘపు పునాదుల్లోనే ఈ ప్రశ్న ఉంది. 1866లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని మొదలుపెట్టినప్పుడు పట్టణంలోని పై కులాలవారు ఆయన బడి పట్ల ఆసక్తి చూపారు. అదే ఏడాది తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఆయన బంధువులు, ఆ బంధువుల పల్లెలు రావడం మొదలైంది. పై కులాలవారి మాట అప్పుడు స్పష్టంగా వినబడింది. వాళ్లను చేర్చుకుంటే మేము రాము. క్లౌ దంపతులు ఎటు తేల్చుకోవాలో తెలియక సతమతమయ్యారు. చివరికి మాదిగల వైపే నిలబడ్డారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పక్కన కూర్చోవడానికి ఒప్పుకోని వాళ్లను పోగొట్టుకోవడానికి సిద్ధపడటం వల్లనే ఆ సంఘం నిలిచింది. ఈ సంగతి నేటి సంఘ పెద్దలకు తరచూ గుర్తుచేయవలసి ఉంది.

అయితే ఆ నిర్ణయం ఊరికీ పల్లెకూ మధ్య గోడను తేల్చింది గాని, పల్లెకూ పల్లెకూ మధ్య గోడను తేల్చలేదు. మిషన్లు వచ్చిన దారులు కులాల దారులే అయ్యాయి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాల్లో మాలలు అధికసంఖ్యాకులయ్యారు. 18వ శతాబ్దపు జెస్యూట్ గురువుల కాలం నుంచి కథోలిక సంఘంలో రెడ్డి, కమ్మ కుటుంబాలు ఉన్నాయి. ఏ మిషన్ పేరు చెప్పినా వినేవాళ్లు కులం ఊహించుకునే స్థితి అలా ఏర్పడింది. ‘మీరు ఏ సంఘం?’ అన్న ప్రశ్న మన దగ్గర చాలాసార్లు ‘మీరు ఏమిట్లు?’ అన్న ప్రశ్నకు మర్యాద రూపం.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒక్కటయ్యాయి. దానికి 1919 నుంచి 28 ఏళ్ల పాటు చర్చలు జరిగాయి. ఐరోపాలో ఎప్పుడో పుట్టిన విభేదాలను కావేరీ, కృష్ణా తీరాల్లో కూర్చుని ఓపికగా పరిష్కరించుకోవడం గొప్ప విషయమే. బిషప్పు అధికారం ఎంత, బాప్తిస్మం ఎలా ఇవ్వాలి అన్న ప్రశ్నలకు 28 ఏళ్లు ఇచ్చిన మనం, మాలపల్లె గుడికీ మాదిగపల్లె గుడికీ మధ్య ఉన్న అరఫర్లాంగు దూరం గురించి 28 రోజులైనా కూర్చోలేదు.

ఆ అరఫర్లాంగు దూరాన్ని నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. మాది పల్నాటి పల్లె. మా తాత మిషన్ బడిలో ఉపదేశి. మా ఊళ్లో రెండు ప్రార్థన మందిరాలు ఉండేవి. రెండూ ఒకే మిషన్‌వి. రెండింట్లోనూ ఒకే కీర్తనల పుస్తకం. సైకిలు మీద వచ్చే అయ్యగారు కూడా ఒక్కరే. పొద్దున తొమ్మిదింటికి మాలపల్లెలో ఆరాధన నడిపి, పదకొండింటికి మా పల్లెకు వచ్చేవారు. సంస్కారపు ఆదివారం నాడు ఒకే సంచిలోంచి తీసిన రొట్టె రెండుచోట్లా విరిచేవారు. రెండు గుళ్లు ఎందుకని అడిగితే మా నాయనమ్మ, ‘వాళ్లది వాళ్లది, మనది మనది’ అనేది. ఆ మాటలో ద్వేషం ఉండేది కాదు. కోపం కూడా ఉండేది కాదు. ఎండ, వాన గురించి చెప్పినట్టు చెప్పేది. ద్వేషమైతే దాన్ని పాపమని గుర్తుపట్టి ఒప్పుకోవచ్చు. అలవాటైపోయిన ఎడాన్ని పాపమని గుర్తుపట్టడం కష్టం.

ఆ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి పాటలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి క్రైస్తవుడైన ఆ కవి కీర్తనలు కలుపు తీసే మాదిగ స్త్రీల నోళ్లలో నేను విన్నాను. పాట ఇంత సులభంగా దాటిన ఎల్లను మనిషి ఎందుకు దాటలేకపోయాడు? ఇప్పుడా పల్లెలో పాత మందిరాలు పోయి రెండు పెద్ద భవనాలు లేచాయి. రెండింటి మీదా లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. ఒక గుడి పాట ఇంకో గుడిలోకి వినబడుతుంది. మనుషులు మాత్రం అటూ ఇటూ పోరు.

ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చింది. 2025లో తెలంగాణలో చట్టం వచ్చింది. రిజర్వేషన్లలో ఎవరి వాటా ఎంత అన్నది న్యాయానికి, లెక్కలకు సంబంధించిన విషయం. దాని మీద భిన్నాభిప్రాయం ఉండటం సహజం. కానీ ఆ వాదం ఆదివారపు ఆరాధనలోకి వచ్చి, ‘సహోదరుడా’ అని పిలుచుకునేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితి కొన్ని సంఘాల్లో రావడం నేను చూశాను. రాజకీయ విభేదాన్ని తట్టుకోలేని సహవాసం అంతకుముందు ఎంత గట్టిదో ఆలోచించుకోవాలి.

ఈ గడ్డ మీద ఇటువంటి ప్రశ్నను ధైర్యంగా అడిగిన మనిషి ఒకరున్నారు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తెల్ల మిషనరీలు తమ ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, అందుకు భారతీయ సంఘం కృతజ్ఞతతో ఉంటుంది, కానీ మాకు కావలసింది స్నేహం అన్నది ఆ ప్రసంగ సారాంశం. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా భారతీయ సహచరుడిని ఇంటికి భోజనానికి పిలవని మిషనరీల గురించి ఆయన ఆ సభలోనే చెప్పారు. వింటున్న వాళ్లలో కొందరికి కోపం వచ్చింది.

సాయం చేయడం వేరు, స్నేహం చేయడం వేరు అన్న ఆ తేడా ఇప్పుడు మన మధ్య వర్తిస్తుంది. పై కులాల నేపథ్యం ఉన్న క్రైస్తవులు పల్లె సంఘాలకు బియ్యం పంపుతారు, దుప్పట్లు పంచుతారు, గుడి కట్టడానికి విరాళం ఇస్తారు. అదంతా మంచిదే. ఆ పల్లె మనిషి ఇంట్లో కూర్చుని అన్నం తిన్నవాళ్లు ఎందరు? ఈ ప్రశ్న దళిత క్రైస్తవులకు కూడా తప్పదు. మాల విశ్వాసి ఇంట్లో మాదిగ విశ్వాసి, మాదిగ విశ్వాసి ఇంట్లో రెల్లి విశ్వాసి, ప్రార్థన కూడికకు కాకుండా చుట్టంగా వెళ్లి తిన్నది ఎన్నిసార్లు?

భోజనం దగ్గర గట్టెక్కినవాళ్లు కూడా పెళ్లి దగ్గర ఆగిపోతారు. సహభోజనాలతో కులం పోదనీ, కులాంతర వివాహమే అసలైన మందు అనీ అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చెప్పారు. మతం మారినవారిలో కులం మిగిలిపోవడాన్ని క్రైస్తవ మిషనరీలు తగినంతగా ఎదిరించలేదని కూడా ఆయన మరోచోట విమర్శించారు. క్రైస్తవ వివాహ ప్రకటనలు చదివితే ఆ విమర్శకు కాలం చెల్లలేదని తెలుస్తుంది. ‘మారుమనస్సు పొందిన, ప్రార్థనాపరురాలైన’ వధువు కావాలని రాసి, ఆ పక్కనే కులం పేరు రాస్తారు. మారుమనస్సుకు మారని షరతు అది.

నాకు తెలిసిన ఇద్దరు యువతీయువకులు ఒక నగర సంఘంలో ఒకే గాయక బృందంలో పాడేవారు. ఆమె తల్లిదండ్రులు రెడ్డి క్రైస్తవులు, అతని తల్లిదండ్రులు మాల క్రైస్తవులు. రెండు కుటుంబాలూ 20 ఏళ్లుగా ఒకే పాత్రలోంచి సంస్కారం తీసుకుంటున్నాయి. పిల్లలు పెళ్లి మాట ఎత్తగానే ఎవరూ కులం పేరు తీయలేదు. ‘దేవుని చిత్తమేమో కనిపెడదాం’ అన్నారు. ప్రార్థన చేద్దాం అన్నారు. ఏడాది గడిచాక, దేవుని చిత్తం కాదనిపిస్తోంది అన్నారు. దేవుని చిత్తం మన దగ్గర ఇంత కచ్చితంగా కులపు సరిహద్దు దగ్గరే ఎందుకు ఆగుతుందని ఆ అమ్మాయి అడిగింది. సంఘ పెద్దల దగ్గర జవాబు లేదు. వాళ్లు రిజిస్ట్రార్ కార్యాలయంలో పెళ్లి చేసుకున్నారు. ఆదివారం పొద్దున ఇంట్లోనే కూర్చుని బైబిలు చదువుకుంటారు. సంఘానికి వెళ్లరు. ఒక సంఘం తనలోని ఇద్దరు పిల్లలను ఇలా పోగొట్టుకుని, ఆ మరుసటి ఆదివారం ప్రేమను గురించిన ప్రసంగం యథాప్రకారం వినగలిగింది. ఇదే పౌలు చెప్పిన వేషం.

పెళ్లి తరువాత చావు. సమాధుల తోటలో ఎవరి వరుస వాళ్లకు ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. బతికుండగా ఒకే పునరుత్థానాన్ని నమ్మినవాళ్లు దాని కోసం వేర్వేరు వరుసల్లో ఎదురుచూస్తున్నారు. ఇక సంఘ కమిటీలు. కోశాధికారి ఎవరు, బడి కరస్పాండెంటు ఎవరు, పెద్ద పట్టణపు గుడికి ఏ పాస్టరును వేయాలి, బిషప్పు ఎన్నికలో ఎవరి ఓట్లు ఎటు అన్న లెక్కలు కులం ఊసు లేకుండా సాగిన చోటు ఏదైనా ఉంటే చూడాలని ఉంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయన. అది గర్వించవలసిన రోజు. కథోలిక విశ్వాసుల్లో దళితుల సంఖ్య అంత ఉండగా ఆ రోజు రావడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్న కూడా ఆ గర్వంతో పాటే ఉండాలి.

ఇంతవరకు చెప్పినది సంఘం లోపలి విషయంగా కనిపించవచ్చు. కానీ దీనికి న్యాయస్థానాలతో కూడా సంబంధం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులను బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో ఉంచారు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు తన తోటి చర్మకారులకు ఇచ్చిన బంకు తనకు ఎందుకు ఇవ్వరని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. మతం మారాక కూడా కుల వివక్ష అంతే తీవ్రతతో కొనసాగుతోందని నిరూపించే ఆధారాలు లేవని 1985లో కోర్టు అతని వాదన తోసిపుచ్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫార్సు చేసింది. 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2025 ఏప్రిల్ చివర్లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది.

ఆధారాలు లేవని కోర్టు అన్నప్పుడు ఆ ఆధారాలు ఎవరి దగ్గర ఉన్నట్టు? మన బాప్తిస్మపు పుస్తకాల్లో, వివాహ రిజిస్టర్లలో, రెండు గుళ్ల ఊళ్లలో, సమాధుల తోటల్లో ఉన్నాయి. ఢిల్లీలో ధర్నాకు వెళ్లినప్పుడు ‘మాలో కులం పోలేదు’ అని చెబుతాం. ఊళ్లోకి వచ్చి వేదిక ఎక్కితే ‘క్రీస్తులో కులం లేదు’ అని చెబుతాం. మొదటిది వాస్తవం, రెండోది ఆశయం. ఆశయాన్ని వాస్తవంలా ప్రకటించినప్పుడల్లా దళిత క్రైస్తవుడి కేసు బలహీనపడుతోంది. భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత మీద విధానపత్రం వెలువరించి, సంఘంలో కుల వివక్ష ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. తెలుగునాట మిగిలిన సంఘాలు, వేలాదిగా ఉన్న స్వతంత్ర సంఘాలు ఆ మాత్రమైనా చేశాయా?

రాజ్యం మనుషుల చేత కట్టిస్తున్న వేషం ఇంకొకటి ఉంది. బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు. చదువు కోసం, ఉద్యోగం కోసం, దాడి జరిగితే కేసు పెట్టే హక్కు కోసం మనిషి తన విశ్వాసాన్ని కాగితం మీద దాచుకోవలసి వస్తోంది. పేదవాడి మీద ఈ అబద్ధాన్ని రుద్దినది చట్టం. అతన్ని దొంగ అనడం అన్యాయం. తన ఆరాధన సంగతి దాచనక్కరలేని మనిషే తోటివారితో దాపరికం లేని సహవాసం చేయగలడు. కనుక 1950 ఉత్తర్వులోని మూడో పేరా తొలగించాలన్న కోరిక రాజ్యాంగ సమానత్వానికి సంబంధించినది, సహవాసానికి కూడా సంబంధించినది.

ఈ మాటలు బయట పెడితే మతమార్పిడి వ్యతిరేకులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని కొందరు మిత్రులు హెచ్చరిస్తారు. ‘మతం మారినా కులం పోలేదు కదా, మరి మారడం ఎందుకు?’ అని వాళ్లు అడుగుతారు. అడగనివ్వండి. మా తాతకు అక్షరం ఇచ్చింది మిషన్ బడి. మా ఊరి ఆడపిల్లలు నర్సులై, టీచర్లై బయటి ప్రపంచంలో తలెత్తుకుని నడిచింది ఆ బడి దారి గుండానే. చచ్చిన గొడ్డు మాంసం వదిలి, వెట్టిని ప్రశ్నించి, ఊరి దొర ముందు పేరు పెట్టి పిలిపించుకునే ధైర్యం ఆ గుడి నుంచి వచ్చింది. ఇచ్చినదాన్ని చెప్పుకోవడానికి ఇవ్వలేకపోయినదాన్ని దాచనక్కరలేదు. పైగా కులం ఈ సమాజం మొత్తానిది. ఎవరి ఇల్లు వాళ్లు ఊడ్చుకోవాలి. మన ఇంటి చెత్త గురించి పొరుగువాడు ఏమంటాడోనని ఊడవడం మానుకోము కదా.

చేయవలసిన పనులు ఏవో అందనంత ఎత్తులో లేవు. ఒకే సంఘపు పరిధిలో రెండు గుళ్లు ఉన్న ప్రతి ఊళ్లో నెలకు ఒక ఆదివారమైనా సంస్కారం ఒకేచోట జరగాలి. ఒక నెల ఈ పల్లెలో, ఒక నెల ఆ పల్లెలో. కులం దాటి పెళ్లి చేసుకునే పిల్లల వివాహ ప్రకటనను పాస్టరు పీఠం మీద నుంచే చదవాలి. వాళ్ల ఇంటి గడప తొక్కే మొదటి అతిథులు సంఘ పెద్దలే కావాలి. సమాధుల తోటలో వరుస తేదీని బట్టి సాగాలి. కమిటీల్లో ఏ పల్లెకు ఎంత చోటుందో వార్షిక నివేదికలో జమాఖర్చులతో పాటు చదవాలి. కమిషన్ల ముందు సాక్ష్యం చెప్పవలసి వస్తే సంఘాలు తమ రిజిస్టర్లు తెరిచి నిజం చెప్పాలి. వేదాంత కళాశాలల్లో గ్రీకు, హీబ్రూ నేర్చుకునే విద్యార్థి తాను వెళ్లబోయే ఊరి పల్లెల చరిత్ర కూడా నేర్చుకోవాలి.

వీటికి కొత్త సిద్ధాంతం అక్కరలేదు. అంతియొకయలో పేతురును నిలదీసిన పౌలు పేతురును సంఘం నుంచి వెళ్లగొట్టలేదు. లేచిపోయిన పంక్తిలోకి తిరిగి రమ్మన్నాడు. మన సంఘాల్లో ఆ నిలదీత ఇప్పుడు యువత వైపు నుంచి వస్తోంది. దాన్ని అవిధేయత అనకుండా వినగలిగితే, వచ్చే క్రిస్మస్‌కు ఏదో ఒక ఊళ్లోనైనా రెండు గుళ్లవాళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటారు. ఎవరు వండారని అడగకుండా తింటారు. ఆ రోజు దానికి ప్రేమ విందు అన్న పేరు సరిపోతుంది.